బిడ్డ మాట బిడ్డే చెప్పనివ్వండి

కోయంబత్తూరు, మదురై వైపు తరాలుగా స్థిరపడిన మన తెలుగిళ్లలో కాలో చెయ్యో సరిగా లేని బిడ్డకు, చెవులు వినపడని బిడ్డకు, బుద్ధి నెమ్మదిగా ఎదిగే బిడ్డకు తిండికీ బట్టకీ ముద్దుకీ లోటు రానివ్వరు. కానీ పెళ్లిపిలుపు వస్తే మాత్రం, "వాణ్ణి అంత జనంలో ఎక్కడ తిప్పుతాం, అవ్వ దగ్గర వదిలేసి పోదాం" అంటారు. ఇంటికొచ్చిన చుట్టం బిడ్డను పేరడిగితే జవాబు అమ్మ చెబుతుంది. అక్కకు సంబంధాలు చూసే రోజుల్లో తమ్ముడు లోపలి గదిలో ఉండిపోతాడు. ఇందులో చెడ్డబుద్ధి ఏమీ లేదు. నలుగురి చూపూ బిడ్డకు గుచ్చుకోకూడదన్న భయమే ఉంది. ఆ భయం ఉన్న అమ్మలతో, నాయనలతో నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, కారణం ఉంది. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ప్రవేశపెట్టిన రెండు బిల్లులను తమిళనాడు శాసనసభ ఆమోదించింది. కార్పొరేషన్లు, మునిసిపాలిటీలు, పట్టణ పంచాయతీలతో పాటు గ్రామ, యూనియన్, జిల్లా పంచాయతీల్లోనూ దివ్యాంగులను సభ్యులుగా నియమించడం వాటి ఉద్దేశం. పట్టణాల్లో సుమారు 650 మందికి, పల్లెల్లో 12 వేలమందికి పైగా చోటు దొరుకుతుందని లెక్క వేశారు. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద పట్టణ సభల్లో ఉన్న దివ్యాంగులు 35 మందేనట. కుర్చీలు ఇన్ని వేలు వేశారు సరే, వాటిలో కూర్చుని లేచి మాట్లాడగలిగేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు? మన ఇళ్ల నుంచే రావాలి. లోపలి గదిలో పెరిగిన బిడ్డ ఒక్కసారిగా సభలో నిలబడి కుళాయి గురించి, వీధిదీపం గురించి గట్టిగా అడగలేడు. ఆ అలవాటు చిన్నప్పుడే పడాలి. అది ఎక్కువమందికి పడిన చోటు ఆటస్థలం.

రాజస్థాన్‌లోని చూరు జిల్లాకు చెందిన దేవేంద్ర ఝఝారియా కథ తల్లిదండ్రులు తెలుసుకోదగ్గది. ఎనిమిదేళ్ల వయసులో చెట్టెక్కుతుంటే కరెంటు తీగ తగిలి ఎడమచెయ్యి పోయింది. ఇక వీడు దేనికీ పనికిరాడని చుట్టుపక్కల వాళ్లు అన్నారు. బిడ్డ ఇంట్లోనే ముడుచుకుపోయాడు. అప్పుడు వాళ్లమ్మ జీవనీదేవి చేసిన పని ఒక్కటే. వాణ్ణి బయటికి పంపింది, పోయి ఆడుకోమంది. పిల్లవాడు కర్రనే బల్లెంగా చెక్కుకుని విసరడం మొదలుపెట్టాడు. 2004లో ఏథెన్స్ పారాలింపిక్స్‌లో 62.15 మీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చాడు. తర్వాత 2008లో, 2012లో అతని విభాగానికి పోటీయే పెట్టలేదు. పన్నెండేళ్లు ఎదురుచూసి 2016లో రియోలో 63.97 మీటర్లతో మళ్లీ బంగారం గెలిచాడు. టోక్యోలో 64.35 మీటర్లతో వెండి పతకం వచ్చింది. టోక్యోకు సిద్ధమవుతున్న 2020లోనే తండ్రి క్యాన్సర్‌తో పోయాడు. నా దగ్గర కూర్చోవద్దు, పోయి సాధన చేసుకో అన్నాడట ఆ తండ్రి. 2022లో ఝఝారియాకు పద్మభూషణ్ వచ్చింది. పారా క్రీడాకారుల్లో దాన్ని అందుకున్న మొదటివాడు ఆయనే.

2024లో సొంత ఊరు చూరు నుంచి బీజేపీ అభ్యర్థిగా లోక్‌సభకు నిలబడ్డాడు. కాంగ్రెస్ అభ్యర్థి రాహుల్ కస్వాన్ చేతిలో 72 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. దేశమంతా చప్పట్లు కొట్టిన మనిషికి సొంత జిల్లాలోనే ఓట్లు చాలలేదు. పతకం చూసి జనం దండ వేస్తారు గాని, ఓటు వేసే ముందు వేరే లెక్కలు చూసుకుంటారు. నీళ్లు ఎవరు తెప్పిస్తారు, రాత్రి ఫోను చేస్తే ఎవరు పలుకుతారు, ఏ కులం, ఏ పార్టీ, పాత నాయకుడు మంచివాడా కాడా, ఇవన్నీ ఉంటాయి. అది న్యాయమే. ఓడిన మనిషి ఇంట్లో కూర్చోలేదు. ఆ ఏడాది మార్చిలోనే భారత పారాలింపిక్ కమిటీ అధ్యక్షుడిగా ఎన్నికై ఉన్నాడు. ఆయన అధ్యక్షతలోనే ఆ ఏడాది పారిస్‌కు వెళ్లిన మన జట్టు 7 బంగారు, 9 వెండి, 13 కంచు పతకాలతో మొత్తం 29 తెచ్చింది.

ఆయన పార్టీ మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. అది పక్కన పెట్టి, పెంపకం వరకు ఇందులో ఏముందో చూడండి. పన్నెండేళ్లు పారాలింపిక్స్‌లో పోటీ లేకపోయినా సాధన మానని మనిషికి ఒక ఎన్నికలో ఓడిపోవడం కొత్త దెబ్బ కాదు. ఓడి మళ్లీ పొద్దున్నే లేచి పోవడం ఆటలో పట్టుబడిన గుణం. ఆ ఆటలోకి దారి చూపింది, పోయి ఆడుకో అని ఒక అమ్మ అన్న మాట. పల్లెటూరి తల్లి ఆ ఒక్క మాట అనడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుని ఉంటుందో మీకు తెలుసు. మళ్లీ దెబ్బ తగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం ఆమెకూ ఉండే ఉంటుంది.

ఝఝారియాకు ముందు ఆ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్న దీపా మాలిక్‌దీ ఇలాంటి దారే. వెన్నెముకలో గడ్డకు 1999లో ఆపరేషన్ జరిగి నడుం కింద చచ్చుబడింది. 2016లో రియోలో గుండు విసిరి 4.61 మీటర్లతో వెండి పతకం గెలిచింది. పారాలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. 2019లో రాజకీయ పార్టీలో చేరింది, 2020 నుంచి నాలుగేళ్లు కమిటీని నడిపింది.

బ్రిటన్‌లో టానీ గ్రే-థామ్సన్ అని ఒకామె ఉంది. పుట్టుకతోనే వెన్నెముక లోపం. చక్రాల కుర్చీ పరుగు పందేల్లో 11 పారాలింపిక్ బంగారు పతకాలు తెచ్చి, 2010 నుంచి అక్కడి ఎగువసభ అయిన లార్డ్స్‌లో ఏ పార్టీకీ చెందని సభ్యురాలిగా కూర్చుంటోంది. ఆమెను ప్రత్యేక పాఠశాలకు పంపమని అధికారులు చెబితే, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పోరాడి ఊళ్లో పిల్లలందరూ చదివే మామూలు బడిలోనే చదివించారు. ఆ బడిలో పదిమందితో కలిసి కూర్చోవడం ఆమెకు చిన్నప్పుడే అలవాటైంది. 2024 ఆగస్టులో లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్లో రైలు దిగడానికి సాయం చేసే మనిషి రాక, సామాను ముందు కిందపెట్టి, తాను నేల మీద పాకుతూ దిగాల్సి వచ్చింది. ఆమె ఆ సంగతి దాచుకోలేదు. బయటికి చెప్పింది, రైల్వే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఇంత పెద్దమనిషికే ఇలా జరిగితే మామూలువాళ్ల సంగతేమిటని దేశం మాట్లాడుకుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి సభలో ఉంటే వచ్చే లాభం అది. మెట్లెక్కలేని మనిషి కష్టం మెట్లెక్కేవాళ్లకు చెబితేనే తెలుస్తుంది.

అంత దూరం ఎందుకు, మన మదురైలోనే చూడండి. అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి వడమలాపురం తెలుగింటి బిడ్డ. సైన్యంలో వైద్యుడిగా ఉండగా కీళ్లవాతం పట్టి వేళ్లు వంకరపోయాయి. మంచానపడి లేచిన మనిషి, ఆ వేళ్లకు తగ్గట్టు పనిముట్లు చేయించుకుని కంటి ఆపరేషన్లు నేర్చుకున్నాడు. తన చేతులతో లక్షకు పైగా ఆపరేషన్లు చేశాడు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన ఆసుపత్రి ఈనాడు ప్రపంచమంతా వచ్చి చూసి నేర్చుకునే చోటు. ఆయన వేళ్లను తిన్నగా చేయలేకపోయారు. పనిముట్టును మార్చారు, అంతే. బిడ్డల విషయంలోనూ ఆలోచన ఇటే తిరగాలి. వీడు మెట్లెక్కలేడు అనుకునే చోట ఇక్కడ వాలు దారి లేదు అనుకోండి. వీడికి వినపడదు అనుకునే చోట ఇక్కడ సైగలతో చెప్పేవాళ్లు లేరు అనుకోండి. ఇంట్లో మీరు మాట ఇలా మారిస్తే, రేపు బిడ్డ మునిసిపాలిటీలోనూ అలాగే మాట్లాడతాడు. జాలి చూపమని బతిమాలడు, వాలు దారి కట్టమని అడుగుతాడు.

రాజకీయాల్లోకి వచ్చినవాడు కాలు చూపించి ఓట్లు అడగనక్కర్లేదని తెలుగువాళ్లకు జైపాల్‌రెడ్డి చూపించారు. ఆయన క్రీడాకారుడు కాదు గాని, ఇక్కడ చెప్పుకోవలసిన మనిషి. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. జీవితమంతా ఊతకర్రల మీదే నడిచారు. 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద నిలబడి ఓడిపోయారు. తర్వాత లోక్‌సభకు చాలాసార్లు వెళ్లారు, కేంద్రమంత్రి అయ్యారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. 2019లో పోయేదాకా ఆయన పేరు చెబితే జనానికి గుర్తొచ్చింది మాట పదును, చదువు. ఊతకర్రలు ఆ తర్వాతే. ఆ చదువు, ఆ మాట ఉన్నాయి కాబట్టే కర్రలను జనం పట్టించుకోలేదు.

ఇంకొకమ్మాయి పేరు కూడా మన బిడ్డలకు చెప్పండి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి. బుద్ధి ఎదుగుదలలో లోపంతో పుట్టింది. ఊళ్లో ఎగతాళి చేశారు. అనాథాశ్రమంలో వదిలెయ్యమని కూడా ఆ తల్లిదండ్రులకు చెప్పినవాళ్లున్నారు. కూలిపని చేసుకునే ఆ దంపతులు బిడ్డను వదల్లేదు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్‌లో కంచు పతకం గెలిచింది. ఈ అమ్మాయి రేపు సభలో ఉపన్యాసం ఇవ్వాలని నేను అనడం లేదు. ఎగతాళి చేసిన ఊరే స్వాగతం పలికేలా చేసింది, అది చాలు. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు తన ఇష్టాయిష్టాలు తాను చెప్పడం వస్తే అదే పెద్ద విజయం. ఏ బట్ట కావాలి, ఏం తింటావు, ఎవరి పక్కన కూర్చుంటావు అని రోజూ అడగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది. ఆగండి.

ఇక ఏం చేయాలన్నది చెబుతాను.

మొదట పిల్లవాడు చిన్నగా ఉన్నప్పుడు. పేరడిగితే వాడే చెప్పాలి. నత్తిగా చెప్పినా, రెండు నిమిషాలు పట్టినా మీరు మధ్యలో అందుకోవద్దు. కిరాణా కొట్టుకు తీసుకెళ్లి డబ్బు వాడి చేతికి ఇవ్వండి. పొంగలుకు వీధిలో పెట్టే పోటీల్లో వాడి పేరు కూడా రాయించండి. నిర్వాహకులు మొహమాటపడితే, "వాడు కూర్చుని విసురుతాడు, మీరు గీత కొంచెం దగ్గరగా గీయండి" అని చెప్పండి. ఆ ఒక్క మాట వాడు విని పెట్టుకుంటాడు. పెద్దయ్యాక అధికారితో తన వసతి గురించి ఎలా అడగాలో ఆ వీధిలోనే నేర్చుకుంటాడు.

గుర్తింపు కార్డు విషయంలో బద్ధకం వద్దు. కలెక్టరాఫీసులో దివ్యాంగుల సంక్షేమ విభాగం ప్రతి జిల్లాలోనూ ఉంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, పైచదువుల్లో 5 శాతం చోటు ఆ చట్టంతోనే వచ్చింది. కార్డు తెస్తే బిడ్డకు ముద్ర పడుతుందని, పెళ్లిళ్లకు అడ్డమని కొందరు దాచిపెడతారు. చూసేవాళ్లకు ఎలాగూ తెలుసు. దాస్తే నష్టపోయేది బిడ్డే.

ఆట మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. కోయంబత్తూరులో నెహ్రూ స్టేడియం, మదురైలో రేస్‌కోర్స్ దగ్గర ఎం.జి.ఆర్. స్టేడియం ఉన్నాయి. రాష్ట్ర క్రీడాభివృద్ధి సంస్థ అధికారులు ప్రతి జిల్లాలోనూ ఉంటారు. ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీల్లో దివ్యాంగులకు వేరే విభాగం ఉంది. ముందు డాక్టరుకు చూపించి ఏ బరువు మోయొచ్చు, ఏ కీలుకు శ్రమ పెట్టకూడదో తెలుసుకోండి. పారా పోటీల్లో వర్గీకరణ అని ఒకటి ఉంటుంది. అథ్లెటిక్స్‌లో పరుగులకు, గెంతులకు టి అక్షరం, విసిరే ఆటలకు ఎఫ్ అక్షరం పెడతారు. పక్కన అంకె వైకల్యం తీరును చెబుతుంది. చూపు లోపానికి 11 నుంచి 13, బుద్ధి లోపానికి 20, కాళ్లూ చేతుల లోపానికి 40 పైన, కూర్చుని ఆడేవాళ్లకు 50 పైన అంకెలు చాలావరకు ఉంటాయి. ఝఝారియాది ఎఫ్46. మీ బిడ్డ ఏ వర్గంలోకి వస్తుందో తేలకముందే పతకం గురించి కలలు కనవద్దు. ఆ వర్గానికి ఏయే పోటీలున్నాయో కూడా అడగండి. పారాలింపిక్స్‌లో పోటీయే లేని పన్నెండేళ్లు ఎలా ఉంటాయో ఝఝారియాను చూస్తే తెలుస్తుంది.

చెవులు వినపడని పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. వాళ్ల పెద్ద పోటీలు పారాలింపిక్స్‌లో ఉండవు. డెఫ్‌లింపిక్స్ అని వేరే ఉన్నాయి. మన మదురై అమ్మాయి జెర్లిన్ అనికా 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన ఆ పోటీల్లో బ్యాడ్మింటన్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. అర్జున పురస్కారం అందుకుంది. దారి తెలియక తప్పు కార్యాలయాల చుట్టూ తిరిగి అలిసిపోకండి.

మన రాష్ట్రంలోనే సేలం జిల్లాకు చెందిన తంగవేలు మారియప్పన్ తెలియనివారుండరు. బడికి పోతుంటే బస్సు కింద పడి కుడికాలు నలిగింది, అప్పుడు వయసు ఐదేళ్లు. తల్లి సరోజ కూరగాయలు అమ్మి సాకింది. 2016లో రియో పారాలింపిక్స్‌లో 1.89 మీటర్ల ఎత్తు ఎగిరి బంగారం, టోక్యోలో వెండి, పారిస్‌లో కంచు గెలిచాడు. తమిళనాడు కాగితం కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పేదింట్లో ఆ ఉద్యోగం పతకంతో సమానం. అయితే ప్రతి బిడ్డా మారియప్పన్ కాదు, కానక్కర్లేదు. పొద్దున్న ఐదున్నరకు మైదానానికి పోయి పదిమందితో నవ్వుతూ తిరిగొస్తే ఆ ఆట చేయవలసిన పని చేసినట్లే. ఇష్టం లేని బిడ్డను లాక్కుపోవద్దు. చదరంగమైనా, నాటకమైనా, బడిలో తరగతి నాయకత్వమైనా అదే అలవాటు నేర్పుతుంది. నలుగురిలో తన వంతు తాను తీసుకోవడమే కావలసింది.

ఆడపిల్లల విషయంలో మన ఇళ్ల భయం రెట్టింపు. "కాలు బాగలేని పిల్ల, ఊళ్లు తిరిగితే ఎలా" అంటారు. శిక్షకులు ఎవరు, ఆడవాళ్లు తోడుంటారా, హాస్టల్ ఎలా ఉంది, మరుగుదొడ్డి ఆమెకు వీలుగా ఉందా అని అడిగి తెలుసుకోండి, మొదట కొన్నాళ్లు అమ్మ తోడు వెళ్లాలి. అంతే గాని ఆ భయం పేరు చెప్పి గడప దాటనివ్వకపోవడం మాత్రం వద్దు. ఇంట్లో మిగతా పిల్లలను కూడా మరవకండి. అన్నకు వచ్చిన దెబ్బకు తమ్ముడి ఆట ఆపకూడదు, అన్నకు ఇచ్చే సమయం కోసం తమ్ముడి వంతు లాక్కోకూడదు.

రాజకీయాల సంగతి వచ్చేసరికి మీరు జాగ్రత్తగా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. పతకం వచ్చాక, కుర్చీ వచ్చాక పార్టీలవాళ్లు ఇంటికి వస్తారు. శాలువా కప్పుతారు, ఫొటో తీసుకుంటారు. తప్పేం లేదు. వేదికకు వాలు దారి ఉందా, మైకు బిడ్డ ఎత్తుకు అందుతుందా, రెండు మాటలు మాట్లాడనిస్తారా అని ముందే అడగండి. లేదంటే మర్యాదగా రాలేమని చెప్పండి. ఫొటోకు పనికొచ్చిన మనిషి పనికి అక్కర్లేదంటే అది గౌరవం కాదని బిడ్డకూ తెలియాలి. నియామకపు కుర్చీ దొరికితే మరీ జాగ్రత్త. బిడ్డ పేరుతో నాయనో, అన్నో, మామో సభకు పోయి కూర్చునే అలవాటు మన ఊళ్లలో ఆడ సర్పంచుల విషయంలో చూశాం. దాన్ని ఇక్కడికి రానివ్వకండి. సంతకం బిడ్డది, మాట బిడ్డది. మీరు కాగితాలు చదివి వినిపించండి, బండిలో దింపండి, బయట కూర్చోండి.

ఏ పార్టీ అనేది కూడా బిడ్డే తేల్చుకోవాలి. మన ఇళ్లలో తాతల కాలం నుంచి ఒక పార్టీ మీద అభిమానం ఉంటుంది. బిడ్డ వేరే దారి పట్టినా మాట్లాడటం మానకండి. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే వార్డుకు నిలబడవచ్చు, ఇరవై ఐదు నిండితే శాసనసభకు, లోక్‌సభకు నిలబడవచ్చు. అప్పటిదాకా తొందర లేదు.

అంతకు ముందే చేయగలిగింది ఒకటుంది. తమిళనాడులో గ్రామసభలు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి తేదీల్లో జరుగుతాయి. పల్లెలో ఉన్నవాళ్లు వచ్చే సభకు బిడ్డను తీసుకుపోండి. పట్టణంలో ఉన్నవాళ్లు వార్డు కౌన్సిలరు దగ్గరికి తీసుకుపోండి. ఏం అడగాలో ఇంట్లోనే వాడితో కలిసి ఒక్క ప్రశ్న ఎంచుకోండి. బడి మెట్ల గురించి కావచ్చు, బస్టాపు గురించి కావచ్చు, రేషన్ కొట్టు ముందు గుంట గురించి కావచ్చు. ఇంట్లో తెలుగైనా సభలో తమిళంలో అడగాలి కాబట్టి రెండుసార్లు చెప్పించి చూడండి. అక్కడ వాడే అడగాలి, మీరు వెనక వరుసలో కూర్చోవాలి. మొదటిసారి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అదే ప్రశ్నతో తర్వాతి సభకు మళ్లీ తీసుకుపోండి. వాలు దారి పడేదాకా అడుగుతూ పోతే, దారి పడేనాటికి మీ బిడ్డకు ఊళ్లో పని చేయించుకోవడం ఎలాగో తెలిసిపోతుంది. నాయకులు అందరూ నేర్చుకోవలసింది అదే.